చేతికందే డబ్బా

గరువులంక,
17 జూన్ 2007, ఆదివారం.

వరదానానికి ఏసోబు రాయునది,

యాభై ఏళ్ళ కింద మిషను బడి గంటస్తంభం మీద దొరికిన బిస్కెట్ డబ్బా నాది. నువ్వు తీసుకున్నావు. ఈ మాట ఇన్నాళ్ళూ నీతో అనలేదు. మీ అక్క అచ్చమ్మను చేసుకున్న రోజున అందామనుకున్నాను, పెళ్ళిలో గొడవెందుకని ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

నీకు గుర్తు లేదంటావేమో. నాకుంది. 1957 క్రిస్మస్. మనిద్దరం ఐదో తరగతి, నేను జబ్బు వల్ల మూడేళ్ళు ఆలస్యంగా బళ్ళో చేరినవాణ్ణి. అహరోను మాస్టారు ఒక డబ్బా బడి ఆవరణలో దాచి, పట్టుకున్నవాడికి అందులో ఉన్న మడతచాకు ఇస్తానన్నారు. బోర్డు మీద మూడు గుర్తులు రాశారు. మీరందరూ గోడలూ పొదలూ తొక్కుతుంటే నేను కదలకుండా కూర్చుని ఆ మూడూ చదివాను. పోలియో కాలితో పరుగెత్తలేను గనక ఆలోచించాను. గంట కింద పలక వెనకాల ఉంది. స్తంభం కింద నిలబడి చెయ్యెత్తి చూపించి "అదుగో!" అని అరిచాను. అరిచింది నేను. నిచ్చెన ఎక్కింది నువ్వు. చప్పట్లు నీకు, చాకు నీకు. తెలివైన కుర్రాడని మాస్టారు నిన్నే ఏలూరు బోర్డింగుకు పంపారు. నువ్వు డ్రిల్లు మాస్టారివై ఇప్పుడు పెన్షను తీసుకుంటున్నావు. నేను ఐదో తరగతితో ఆగి, కొల్లేట్లో చేపలు పట్టే వెదురు మావులు అల్లుకుంటూ ఉండిపోయాను.

ఇదంతా ఇప్పుడెందుకంటావా? పోయిన గురువారం పకోడీ పొట్లం విప్పితే నువ్వు కనబడ్డావు. పేపరు జిల్లా పేజీ. "కొల్లేటి గట్టున దాగుడు డబ్బాలు: రిటైర్డు మాస్టారి కొత్త ఆట" అని పెద్దక్షరాలు. కింద నీ ఫొటో. తెల్ల టోపీ పెట్టుకుని, పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతూ, మా జ్యోత్స్న భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డావు. గట్టు మా ఊరి గట్టు. సరస్సు నేను పుట్టి పెరిగిన సరస్సు. ఆ పిల్ల నా కూతురి కూతురు. అందులో నీదేముంది, పళ్ళు తప్ప?

కాలేజీ గూడెంలో గనక దాన్ని నీ ఇంట్లో ఉంచాం. ఉంచామంతే, ఇచ్చెయ్యలేదు. ఈ వేసవి సెలవుల్లో లంకకు రెండే రెండు రోజులు వచ్చింది. మిగతా రోజులు నీతో డబ్బాలు దాస్తూ తిరిగిందని నేను పకోడీ పొట్లంలో చదివి తెలుసుకోవాలా?

ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను వినాలి. కాగితం మీదయితే నా మాటకు అడ్డు రాలేవు. నా చేత్తో నేనే రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువు, మాస్టారివి కదా.

మీ అక్క నిన్ను అడిగినట్టు రాయమంది. రాశాను.

ఏసోబు


తాడేపల్లిగూడెం,
24-6-2007.

గౌరవనీయులైన బావగారికి వరదానం వందనములతో రాసుకునేది,

మీ ఉత్తరం అందిందండి. యాభై ఏళ్ళ నాటి చాకు సంగతి మీరింకా మనసులో పెట్టుకున్నారని చదివి నవ్వొచ్చింది. చిన్నపిల్లల ఆట అది. మీరు అరిచారో లేదో నాకు సరిగా గుర్తు లేదు. ఆ రోజు అందరూ అరుస్తూనే ఉన్నారు.

ఇక పేపరు సంగతి. జ్యోత్స్న కాలేజీలో ప్రసాదరావు గారని ఒక లెక్చరరు ఉన్నారు. ఆయన దగ్గర అరచేతిలో పట్టే మెషిను ఒకటుంది. మనం భూమి మీద ఎక్కడ నిలబడ్డామో ఉపగ్రహాలను అడిగి అంకెల్లో చెబుతుంది. ఆ మెషినుతో ఆడే ఆటను జియోకాషింగ్ అంటారు. ఒకరు ఎక్కడో డబ్బా దాచి, ఆ చోటు అంకెలు కంప్యూటర్లో పెడతారు. ఏ దేశంవాళ్ళయినా ఆ అంకెలు చూసి వెతుక్కుంటూ రావచ్చు. డబ్బాలో చిన్న పుస్తకం, పెన్సిలు ఉంటాయి. దొరికినవాళ్ళు పేరు రాసి, తేదీ వేసి, డబ్బాను ఉన్నచోటనే పెట్టి వెళ్ళాలి. బహుమతి ఏమీ లేదండి. పుస్తకంలో మొదటి పేరు ఎవరిదయితే వాళ్ళదే గొప్ప. దారి ఎంత కష్టమో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు కూడా వెయ్యాలి. మీ గట్టు మీద డబ్బాకు మేము మూడు వేశాం.

అది ఇంకా ఎవరికీ దొరకలేదు. పుస్తకం తెల్లగా ఉంది. చెన్నై నుంచి ఇద్దరు ఇంజనీర్లు వస్తామన్నారు.

మిమ్మల్ని పిలవలేదని కోపం వద్దు. ఆ ఎండలో మీకెందుకండీ శ్రమ? మూడు చక్రాల బండి ఆ గట్టు మీద నడవదు కదా. మీరు హాయిగా అరుగు మీద కూర్చోండి. ఆరు ఫొటోలు పంపుతున్నాను, చూసి ఆనందించండి. జ్యోత్స్నకు పరీక్షలు, అందుకే రాలేకపోతోంది.

అక్కకు నా వందనాలు.

మీ బావమరిది
వరదానం


గరువులంక,
8 జూలై 2007, ఆదివారం.

వరదానానికి,

ఫొటోలు అందాయి. చూసి ఎంత ఆనందించానో రాస్తాను, విను.

నాలుగో ఫొటోలో నీ వెనకాల పాత చేపలచెరువు తూము ఉంది. కిందటేడు గవర్నమెంటువాళ్ళు చెరువుగట్లు కొట్టేసినప్పుడు మిగిలిపోయిన తూము. దాని నెత్తి మీద నీరుకాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఇక నీ మెషినుతో నాకు పనేముంది? ఆ నీరుకాకి ఏ తూము మీద కూర్చుంటుందో నాకు తెలుసు.

మంగళవారం పొద్దున్నే బండి ఎక్కాను. మీ అక్క "ఎక్కడికండీ?" అంది. "డబ్బాకి" అన్నాను. "ఇంట్లో ఏడు డబ్బాలున్నాయి, అవి చాలలేదా?" అంది.

మూడు మైళ్ళు చేత్తో పెడలు తిప్పుకుంటూ వెళ్ళాను. రెండుసార్లు చైను ఊడింది. ఒకచోట చక్రం బురదలో దిగబడితే గేదెలు తోలుకెళ్ళేవాళ్ళు నెట్టారు. తూము దగ్గరికి వెళ్ళేసరికి తొమ్మిదయింది. వంగి చూశాను. కిందికి ఏడు మెట్లు. ఏడో మెట్టు మీద, రెండు రాళ్ళ మధ్య, ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా. దాని మూత కూడా కనబడింది.

నేను చూశాను వరదానం. మెషిను లేకుండా, అంకెలు లేకుండా, మీ చెన్నైవాళ్ళ కంటే ముందు చూశాను. తియ్యలేకపోయాను.

వల లాగుతున్నతను "నేను తీసివ్వనా అండీ?" అన్నాడు. వద్దన్నాను. నేను చూసిన డబ్బాను ఇంకొకడు తియ్యడం ఒకసారి అయింది, అది చాలు. బండి దిగి పాక్కుంటూ వెళ్ళాను. మొదటి మెట్టు దిగాను. రెండో మెట్టు దిగాను. మూడో మెట్టంతా నాచు, చెయ్యి జారింది. అక్కడే కూర్చుండిపోయాను. నా జేబులో పెన్సిలు ఉంది. ఇంట్లోనే చెక్కి తెచ్చుకున్నాను.

తిరిగి రావడం ఇంకా బాగుంది. ఆ గట్టు మీద బండి పోవడానికి చోటుంది, తిప్పడానికి లేదు. వెనక్కి తోలితే చైను ఊడుతుంది. చివరకు ఆ వల మనిషీ ఇంకొకడూ కలిసి నన్ను బండితో సహా ఎత్తి, బియ్యం బస్తాను తిప్పినట్టు ఇటు తిప్పి పెట్టారు. అరవై మూడేళ్ళవాణ్ణి. సంఘపెద్దను. ఆదివారం నేను ప్రార్థన చేస్తే కళ్ళు మూసుకునే మనుషులు, ఆ రోజు కళ్ళు తెరుచుకుని చూశారు.

చెన్నైవాళ్ళు వస్తారు, చకచకా దిగుతారు, పేరు రాస్తారు. చప్పట్లు కొట్టడానికి నువ్వుంటావు.

మెట్ల సంగతి జ్యోత్స్నకు చెప్పకు.

ఏసోబు


తాడేపల్లిగూడెం,
5-8-2007.

బావగారికి వందనములు,

జ్యోత్స్నకు చెప్పవద్దన్నారు. నేను చెప్పలేదండి. ఉత్తరం బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను, వచ్చేసరికి అది చదివేసింది. మూడు రోజులు కంచం వేరే గదిలోకి పట్టుకెళ్ళి తింది. నాలుగో రోజు అన్నం దగ్గర, "గూడెం తాతయ్యా, ఆ దారికి మూడు మార్కులు వేశాం కదా, ఎవరి కాళ్ళతో వేశాం?" అంది.

ఇప్పుడు దానికి వేరే ధ్యాస లేదు. చక్రాల మీద వచ్చేవాళ్ళు, కర్రలతో నడిచేవాళ్ళు, చెయ్యి సరిగా లేవనివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా తీసి పేరు రాసుకోగల డబ్బా ఒకటి కొల్లేట్లో పెట్టాలట. ఏలూరు వికలాంగుల సంఘానికి వెళ్ళి మాట్లాడి వచ్చింది. దేవకుమారి గారని ఆవిడ ఆ సంఘానికి పెద్ద. ఫోను బూత్ నడుపుతారు, ఆవిడదీ మూడు చక్రాల బండే. పదకొండుమంది వస్తామన్నారు. నవంబరు పదో తారీఖు రెండో శనివారం, ఆ రోజే ప్రారంభం.

ప్రసాదరావు గారు చోటు చూసే పని నా మీద పెట్టారు. మీ ఊరికి ఇవతల కల్వర్టు ఉంది చూశారా, దాని పిట్టగోడ నిర్ణయించాను. ఒక్క మెట్టు లేదు. కొలతలు కూడా నేనే తీసుకున్నాను. ఇంట్లో కుర్చీ ఆటోలో వేసుకుని వెళ్ళి, గోడ పక్కన వేసుకుని కూర్చుని, చెయ్యి ఎంతవరకు అందుతుందో చూసుకుని సుద్దతో గీత గీశాను. సరిగ్గా కుదిరింది. పేపరువాళ్ళకు కూడా చెప్పాను. మీరూ రావచ్చు, వాళ్ళతో పాటు పేరు రాసుకోవచ్చు.

వరదానం

లంక తాతయ్యా, నువ్వు ఒకసారి ఆ కల్వర్టు చూసి బాగుందో లేదో రాయి. మొహమాటం వద్దు. నీకెలాగూ లేదులే. — జ్యోత్స్న


గరువులంక,
19 ఆగస్టు 2007, ఆదివారం.

వరదానానికి,

నీ కల్వర్టు చూశాను. జ్యోత్స్న అడిగింది గనక రాస్తున్నాను, నువ్వు అడగలేదు.

నువ్వు ఆటోలో మోసుకెళ్ళింది కుర్చీ. దానికి చక్రాలు లేవు, పెడలు లేదు, కూర్చున్నవాడి ముందుకు పొడుచుకొచ్చే చక్రం లేదు. నా బండికి పెడలు కుడిపక్క ఉంటుంది. ఏలూరు నుంచి వస్తే నీ గీత కుడిచేతి వైపు గోడ మీద ఉంది. పెడలు కడ్డీ గోడకు తగిలి బండి ఆగుతుంది. అక్కణ్ణించి నా చేతికీ నీ గీతకూ మూర దూరం. ఎడంచేత్తో తీద్దామంటే బండిని ఎదురు తిప్పాలి. తిప్పబోతే పక్కన కొల్లేరు. పోనీ ఎలాగో తీశామనుకో, పదకొండు బండ్లు ఎక్కడ తిరుగుతాయి? పదకొండుమందిని బస్తాల్లా తిప్పడానికి మనుషులను కూడా మాట్లాడావా?

ఇంకొకటి. నువ్వు గీత గీసింది ఎండలో. అక్టోబరుకు పైనుంచి నీళ్ళు దిగుతాయి. కల్వర్టు దారి మోకాలు లోతు మునుగుతుంది. నీ సుద్దగీత అప్పుడు చేపలు చదువుకోవాలి. ఇది నీ డ్రిల్లు గ్రౌండు కాదు, విజిలు వేస్తే ఉన్నచోట నిలబడటానికి.

దేవకుమారి గారిని పిలిచావు, పేపరువాళ్ళను పిలిచావు. నాకు మాత్రం "మీరూ రావచ్చు" అని రాశావు. నా సరస్సు మీదకు నన్ను రావచ్చంటావా? జ్యోత్స్న నాకు రాసిన మూడు ముక్కలు కూడా నీ కాగితం అడుగున రాసింది. వేరే కాగితానికి కరువొచ్చిందా గూడెంలో?

డబ్బా ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. ఏ బండి వచ్చినా తిరుగుతుంది, నీళ్ళు ఎంత పెరిగినా మునగదు, ఒకరి సాయం అక్కర్లేదు. చెప్పను. చెబితే నువ్వు వెళ్ళి పెడతావు. పేపర్లో మళ్ళీ నీ పళ్ళు వస్తాయి. ఒకసారి "అదుగో" అని అరిచి చూశాను. ఈసారి అరవను.

ఏసోబు


తాడేపల్లిగూడెం,
6-9-2007.

బావగారికి,

జ్యోత్స్న కాలేజీకి వెళ్ళాక రాస్తున్నాను. రాసిన వెంటనే పోస్టు చేసేస్తాను. ఈసారి బల్ల మీద పెట్టను.

1957లో మీరు అరిచారు. నాకు వినబడింది. వినబట్టే ఎక్కాను. దిగాక అహరోను మాస్టారు "ఎవర్రా కనిపెట్టింది?" అని అడిగారు. "నేనేనండి" అన్నాను. మీరు నా పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. అంటే నేను ఒప్పుకునేవాణ్ణని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఒప్పుకునేవాణ్ణి కాదేమో. ఆ చాకు నా దగ్గరే ఉంది. దాంతో ఒక్క మామిడికాయ కూడా కొయ్యలేదు.

రెండో సంగతి. పేపరతను జ్యోత్స్నను, "ఈ ఆట మీద ఇంత ఇష్టం ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాడు. "మా లంక తాతయ్య నేర్పాడు" అంది. చిన్నప్పుడు మీరు దాని బొమ్మలు జమ్ము పొదల్లో దాచి, తాటిదోనె మీద నీళ్ళల్లో తిప్పుతూ, గాలి ఎటుంది, పక్షి ఎటు లేచింది అని గుర్తులు చెప్పి వెతికించేవారట. అరగంట మీ గురించే చెప్పింది. నేను పక్కన టోపీ పెట్టుకుని నిలబడ్డాను. అతను వెళ్ళేటప్పుడు, "అవన్నీ ఎందుకులెండి, మీకు చోటు చాలదు" అన్నది నేనే. నా ఇంట్లో ఉంటుంది, నా ఎదురుగా అన్నం తింటుంది, నోరు తెరిస్తే మా లంక తాతయ్య అంటుంది. నా మీద మీకు కడుపుమంట అని మీ ప్రతి ఉత్తరంలోనూ తెలుస్తోంది. నాది మీకు కనబడలేదు. నేను మర్యాదగా రాస్తాను గనక.

మూడోది ఆ ఫొటో. దాని భుజం మీద చెయ్యి వేశానన్నారు. నిలబడటానికి వేశాను బావా. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రెండేళ్ళయింది. తూము మెట్లు నేను దిగలేదు. పైనుంచి చూపించాను, జ్యోత్స్న దిగి పెట్టింది. కల్వర్టు దగ్గరకు కుర్చీ ఎందుకు తీసుకెళ్ళానంటే, అది లేకుండా అక్కడ పది నిమిషాలు ఉండలేను. కొలతలకని ఆటో అతనితో చెప్పాను. ఇంటికొచ్చాక అందరితోనూ అదే చెప్పాను. డ్రిల్లు మాస్టారికి మోకాళ్ళు పోయాయంటే జనం నవ్వుతారు. అక్కకు చెప్పకండి.

మీ చోటు నాకు చెప్పొద్దు. మీరే పెట్టండి. డబ్బా, కొత్త పుస్తకం పార్సిలు చేస్తున్నాను. పేపరువాళ్ళను రావద్దన్నాను. పదో తారీఖున నేనూ రాను.

ఆటలో ఒక రూలు ఉంది, ముందే తెలిస్తే మంచిది. డబ్బా దాచినవారు ఆ పుస్తకంలో తమకు దొరికినట్టు పేరు రాసుకోకూడదు.

వరదానం


గరువులంక,
21 అక్టోబరు 2007, ఆదివారం.

వరదానానికి,

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలయింది. జవాబు రాయకపోవడానికి సగం కోపం, సగం పని.

మోకాళ్ళ సంగతి మీ అక్కకు చెప్పేశాను. నా మెట్ల సంగతి నీ ఇంట్లో తెలిసినప్పుడు నీ మోకాళ్ళ సంగతి నా ఇంట్లో తెలియొద్దా? "రెండేళ్ళ నుంచా? వాడు నాకు తమ్ముడా, పగవాడా?" అని కాసేపు ఏడ్చి, నువ్వుల నూనెలో ఏవో ఆకులు వేసి కాచింది. సీసా ఇక్కడుంది. వచ్చి పట్టుకెళ్ళు.

1957లో నేను ఒక్క మాట అనలేదన్నావు. నిజమే. డబ్బా చేతిలో ఉన్నవాడిదే డబ్బా అని నేనూ అనుకున్నాను. నిచ్చెన ఎక్కలేనివాడు కనిపెట్టడమేమిటని నాకే అనిపించింది. నీ మీద కోపం తర్వాత వచ్చింది. ముందు సిగ్గు వచ్చింది. ఈ మాట మీ అక్కకు కూడా తెలియదు.

ఇక చోటు. అది నేల మీద లేదు. చేపలచెరువులు ఉన్నప్పుడు వ్యాన్లు నీళ్ళ దాకా దిగడానికి వేసిన సిమెంటు ఏటవాలు ఒకటి మా ఊరి చివర మిగిలింది. అక్కడ ఏ బండయినా సుఖంగా తిరుగుతుంది. దాని చివర రెండు తాటిదోనెలు జతకట్టి పైన పలకలు పరిచాను. ఊగదు. పలకలను బండి సీటు ఎత్తుకు బిగించాను. బండి ఆపి, పక్కకు జరిగితే దోనె మీద ఉంటావు. దోనె మీద కూర్చున్నాక ఎవడి కాళ్ళు ఎలా ఉంటే ఎవడికి కావాలి? నేను అరవై ఏళ్ళు ఈ సరస్సులో ఒకడి కంటే వెనకబడకుండా బతికింది అందుకే.

అక్కణ్ణించి రెండు వందల గజాల్లో, జమ్ము మలుపులో, వెదురుగడ పాతాను. పైన ఎర్రగుడ్డ. మావులు ఎక్కడ ముంచామో తెలియడానికి మేము పెట్టుకునే గుర్తే. ఆ గడకు పేము చుట్ట తొడిగి, చుట్ట కింద నీళ్ళ మీద తేలే బెండు కట్టి, చుట్ట మీద డబ్బా కట్టాను. నీళ్ళు పెరిగి దోనె లేస్తే డబ్బా కూడా అంతే లేస్తుంది. నీళ్ళు తగ్గితే రెండూ దిగుతాయి. నీ సుద్దగీత అక్కర్లేదు.

పెట్టేశాక దేవకుమారి గారికి కబురు పంపాను, చూసి మెచ్చుకుంటారని. ఆటో వెనక బండి కట్టించుకుని వచ్చారు. నీ మాటలో మర్యాద ఉంటుంది, ఆవిడ మాటలో అదీ లేదు. గడ దగ్గరకు వెళ్ళాక, "ఏసోబు గారూ, ఈ డబ్బా మీకు పెట్టుకున్నారా, మాకు పెట్టారా?" అన్నారు. ఆవిడకు కుడిచెయ్యి లేవదు. ఎడంచేత్తో తోలే బండి ఆవిడది. నేను నా కుడిచేతికి అందేటట్టు ఒకపక్కకు పెట్టాను, ఆవిడ కూర్చుంటే అది ఆవిడ కుడిపక్కకే వస్తుంది. పైగా నువ్వు పంపిన డబ్బాకు మరమూత. ఒక చేత్తో తిరగదు. ఆవిడ పళ్ళతో పట్టి తిప్పి, "మీ ఒంటితో మా అందరి ఒళ్ళూ కొలిచారండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కొల్లేటి సంగతి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. రెండు రోజులు ఆ గడ వైపు పోలేదు. మూడో రోజున నీ కుర్చీ గుర్తొచ్చింది. నువ్వు చేసిందే నేనూ చేశాను. నీది కుర్చీ, నాది బండి, అంతే.

ఇప్పుడు చుట్ట గడ చుట్టూ తిరుగుతుంది. దానికి తాడు కట్టాను. ఎటు కూర్చున్నా రెండు వేళ్ళతో లాగితే డబ్బా ఆ పక్కకు వస్తుంది. నీ మరమూత డబ్బా తీసేసి మీ అక్క పోపుల డబ్బా పెట్టాను. దానికి ఎత్తుడు మూత, పైన పిడి. ఇంట్లో ఇప్పుడు ఆరే ఉన్నాయి, రోజూ లెక్క చెబుతోంది. పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేశాను, వేళ్ళు ముడుచుకోనివాళ్ళు కూడా పట్టుకుంటారని. దేవకుమారి గారు మళ్ళీ వచ్చి చూశారు. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టని ఆటో అతను చెప్పాడు.

నీ రూలు చదివిన రోజు కూర్చుని లెక్క వేసుకున్నాను. ఎవరో దాచి నన్ను వెతకనిస్తే మొదటి పేరు నాది. నేనే దాస్తే నా పేరు ఎక్కడా ఉండదు. నీకు వదిలేస్తే కల్వర్టు మీద పెడతావు, అది ఎవరికీ అందదు. మూడు దారులూ చూశాను. చివరకు నేనే పెట్టాను. ఆ గుడ్డ చుట్టిన పెన్సిలు నేను తూము దగ్గరకు జేబులో వేసుకుని వెళ్ళిందే. యాభై ఏళ్ళ తర్వాత కూడా నా పేరు పుస్తకంలో లేదు. ఇది నీకు తెలియాలి.

పదో తారీఖున రానన్నావు. వస్తావు. మెట్లు లేవు, నిలబడే పని లేదు. ఆటోలో కుర్చీ తెచ్చుకో, సిగ్గుపడకు. మొదటి పేరు నీకు ఇవ్వను, అంత మంచివాణ్ణి కాను. మొదటి పేరు దేవకుమారి గారిది. ఆవిడ వెనక పదిమంది. పన్నెండో పేరు నీది. మోకాళ్ళు పోయినవాడివి గనక నువ్వూ ఆ వరసలోవాడివే. నేను తెడ్డు వేస్తాను. జ్యోత్స్న నా పక్కన కూర్చుంటుంది, నీ పక్కన కాదు. నీకు ఎక్కడైనా మండితే మండనీ. పట్టుకోవడానికి భుజం కావాలంటే నాది ఉంది, ఎప్పుడూ కూర్చున్నంత ఎత్తులోనే ఉంటుంది.

ఎర్రగుడ్డ కనబడగానే నేను చెయ్యెత్తి "అదుగో" అంటాను. నువ్వు తాడు లాగి, మూత తీసి, పన్నెండో వరసలో నీ పేరు రాయాలి. దాని పక్కన, దస్తూరీ బాగున్నవాడివి గనక అందరికీ అర్థమయ్యేటట్టు, "చూపించినవాడు ఏసోబు" అని రాయాలి. ఒక్క ముక్క. రూలుకు అడ్డం కాదు, జ్యోత్స్నను అడిగి తెలుసుకున్నాను. ఆ చాకు కూడా తీసుకురా. పెన్సిలు మొన విరిగితే చెక్కడానికి పనికొస్తుంది.

రాస్తావా, రాయవా? నవంబరు మూడు, శనివారం టపాలో జవాబు నా చేతికి రావాలి. ఫోను చెయ్యకు.

ఏసోబు